తరిగే ఆదాయం: అప్పు తీర్చడమా, డిపాజిట్ చేయడమా?

పొదిలి వైపు పొగాకు ధరయినా, చీమకుర్తి గ్రానైటుకు వచ్చే విదేశీ ఆర్డర్లయినా, నెల్లూరు తీరంలో రొయ్యల రేటయినా ఒక్కరోజులో కూలిపోకుండా ఏటికేడు సన్నగిల్లితే, చేతిలో మిగిలిన లక్ష రూపాయలతో పాత అప్పు తీర్చాలా, బ్యాంకులో డిపాజిట్ చేయాలా అన్న ప్రశ్న వస్తుంది.

లెక్క అప్పు తీర్చమనే చెబుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి 24,000 రూపాయలు. అదే లక్షను 7 శాతానికి డిపాజిట్ చేస్తే వచ్చేది దాదాపు 7,000. కాబట్టి అప్పును అలాగే ఉంచి డిపాజిట్ చేసిన కుటుంబం, పొదుపు చేస్తున్నామన్న తృప్తితోనే, ఏటా 17,000 పోగొట్టుకుంటుంది. పైగా పంట ధర పడిపోయిందని వడ్డీ తగ్గదు. తాకట్టు బంగారమైతే గడువు దాటాక వేలానికి పోతుంది.

డిపాజిట్ పక్షాన ఉన్న బలమైన వాదన ఒక్కటే, అయినా కొట్టిపారేయలేనిది: నగదు లేని ఇల్లు ఆసుపత్రి ఖర్చు రాగానే మళ్లీ ఆ వడ్డీ వ్యాపారి గడపే తొక్కుతుంది. 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా కూడా ఉంది.

పెళ్లిళ్ల ఆర్భాటాన్ని, కారు వాయిదాలను ముందే తగ్గించుకుని, నాలుగు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగిలినదంతా అప్పుకు కట్టడమే సబబని నా అభిప్రాయం. సకాలంలో చెల్లిస్తే 4 శాతానికే పడే పంట రుణాన్ని మాత్రం గడువుకు ముందే తీర్చాల్సిన తొందర లేదు.