పెద్ద సర్వరా, ఎక్కువ సర్వర్లా? ఐదేళ్లు రెండూ వాడాక

ఒక కోచింగ్ సంస్థ ఆన్‌లైన్ పరీక్షల సైట్‌ను ఐదేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మామూలు రోజుల్లో దానికి పెద్దగా లోడ్ ఉండదు. ఆదివారం ఉదయం 10కి గ్రాండ్ టెస్ట్ మొదలైతే మాత్రం వేలమంది పిల్లలు ఒకేసారి లాగిన్ అవుతారు. ఇన్నాళ్లూ చూశాక నా అభిప్రాయం ఇది: సైట్‌కు హారిజాంటల్ (సర్వర్ల సంఖ్య పెంచడం), డేటాబేస్‌కు వీలైనంత కాలం వర్టికల్ (ఉన్న సర్వర్‌నే పెద్దది చేయడం).

మొదట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న ఒకే సర్వర్ ఉండేది. సైట్, దాని డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ రెండూ అందులోనే. నెమ్మదించినప్పుడల్లా 8, 16, 32 జీబీకి మారుస్తూ వచ్చాను. వర్టికల్‌లో సుఖం ఏంటంటే, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. శనివారం రాత్రి మెషిన్ ఆపి, సైజు మార్చి, ఆన్ చేస్తే సరి. కాకపోతే సైజు పెరిగిన ప్రతిసారీ బిల్లు దాదాపు రెట్టింపు, పరీక్షలు లేని రోజులకూ అంతే కట్టాలి.

అలా 32 జీబీకి వెళ్లాక కూడా ఒక ఆదివారం 10:02కి సైట్ ఆగిపోయింది. చూస్తే సీపీయూ సగం ఖాళీగానే ఉంది. లాగ్ తెరిస్తే పైనుంచి కిందదాకా ఒకటే లైను: ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్ తెరుస్తుంది. మనం మార్చకపోతే కనెక్షన్ల పరిమితి 100. ర్యామ్ ఎంత పెంచినా ఆ 100 దగ్గరే ఇరుక్కునేవాణ్ణి. సైట్‌కూ డేటాబేస్‌కూ మధ్యలో పీజీబౌన్సర్ అనే ప్రోగ్రామ్ పెట్టి, కొద్ది కనెక్షన్లనే అందరికీ తిప్పి వాడాక అదే మెషిన్ మీద పరీక్ష సాఫీగా జరిగింది.

తర్వాత సైట్‌ను విడదీసి మూడు చిన్న సర్వర్ల మీద పెట్టి, వాటి ముందు ఎన్‌జిన్‌ఎక్స్‌ను లోడ్ బ్యాలెన్సర్‌గా, అంటే వచ్చేవాళ్లను మూడింటికీ పంచేదిగా, ఉంచాను. మొదటి టెస్ట్‌లోనే ఫోన్లు మొదలయ్యాయి. జవాబు పెట్టి నెక్స్ట్ నొక్కితే మళ్లీ లాగిన్ పేజీ వస్తోంది. సెషన్, అంటే ఎవరు లాగిన్ అయ్యారన్న గుర్తు, ఒక సర్వర్ మెమరీలో ఉంటే, తర్వాతి క్లిక్ ఇంకో సర్వర్‌కు వెళ్తోంది. ‘సార్, పాప ఏడుస్తోంది, టైమ్ అయిపోతోంది’ అని ఒక తండ్రి అన్న మాట నాకింకా గుర్తుంది. ఆ టెస్ట్ మళ్లీ పెట్టించాం. ఆ వారమే సెషన్లన్నీ రెడిస్ అనే, అన్ని సర్వర్లూ చూడగలిగే ఉమ్మడి స్టోర్‌లోకి మార్చాను. అప్పట్నుంచి ఒక సర్వర్ పడిపోయినా పరీక్ష ఆగలేదు. ఆదివారం పొద్దున రెండు సర్వర్లు కలుపుతాను, మధ్యాహ్నం తీసేస్తాను.

ర్యాంకుల పేజీకి ఒక రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే వాడే డేటాబేస్ కాపీ) కూడా పెట్టాను. అది అసలు డేటాబేస్ కంటే ఒక్కోసారి కొన్ని సెకన్లు వెనకబడుతుంది. అప్పుడే సబ్మిట్ చేసిన అబ్బాయికి ‘మీరు పరీక్ష రాయలేదు’ అని కనిపించింది. దాంతో సొంత మార్కుల పేజీని మళ్లీ మెయిన్ డేటాబేస్‌కే తిప్పాను. షార్డింగ్ (డేటాబేస్‌ను ముక్కలు చేసి వేర్వేరు సర్వర్లలో పెట్టడం) చేద్దామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ర్యాంకు వేయాలంటే అందరి మార్కులూ ఒకచోట ఉండాలి కదా.

పోయినేడు మళ్లీ నెమ్మదిస్తే 64 జీబీ తీసుకుందామని ఖర్చు లెక్క కూడా వేశాను. కొనేముందు ఎందుకైనా మంచిదని, డేటాబేస్ ఒక క్వెరీని ఎలా నడుపుతోందో చూపే ‘ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్’ కమాండ్ కొట్టి చూస్తే, జవాబుల టేబుల్ మొత్తాన్ని ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. కావాల్సిన జవాబులు నేరుగా దొరికేలా విద్యార్థి నంబరు, టెస్ట్ నంబరు కలిపి ఒక ఇండెక్స్ వేశాను. ఇప్పటికీ 32 జీబీలోనే నడుస్తోంది.