నెల సరుకులు: అంగడా, సూపర్ మార్కెట్టా, యాపా – ఏది మేలు?

బెంగళూరుకు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు కలిసినప్పుడల్లా ఈ మధ్య ఒకే ప్రశ్న వేస్తున్నారు: నెల సరుకులు వీధిలోని అంగడిలో కొనాలా, సూపర్ మార్కెట్‌లోనా, యాప్‌లో తెప్పించుకోవాలా? 2025 జనవరిలో సిటీ బస్సు ఛార్జీలు, ఫిబ్రవరిలో మెట్రో ఛార్జీలు, ఏప్రిల్‌లో లీటరుకు 4 రూపాయల చొప్పున నందిని పాల ధర పెరిగాయి. వాటిలో మనం బేరమాడేది ఏమీ లేదు కనుక, కాస్తయినా మన చేతిలో ఉన్న సరుకుల ఖర్చు మీదే అందరి దృష్టీ పడింది.

ముందు బియ్యం సంగతి. ఇక్కడి అంగళ్లలో సోనా మసూరి బస్తా చాలాచోట్ల 26 కిలోలు తూగుతుంది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకు మించిన బస్తాకు పడదు. నలుగురున్న ఇంట్లో, పురుగు పట్టకుండా దాచుకునే వీలుంటే, ఐదు కిలోల సంచులు మాటిమాటికీ కొనడం కంటే ఈ బస్తా పన్ను మేరకైనా కలిసివస్తుంది. లేబుల్ లేకుండా విడిగా తూచి ఇచ్చే కందిపప్పుకూ పన్ను లేదు. పైగా కాటా సున్నా దగ్గర నిలిచిందో లేదో చూసుకుని, పప్పును అరచేతిలో పోసుకుని పరికించి, నచ్చకపోతే వద్దనే అవకాశం అంగడిలోనే ఉంది.

సూపర్ మార్కెట్‌లో ఎంపిక ఎక్కువ, కానీ పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకనే నమ్మకం అక్కడ పనికిరాదు. పోయిన నెల బట్టల సబ్బుపొడి కిలో ప్యాకెట్ 140 రూపాయలు, దాని పక్కనే రెండు కిలోల ప్యాకెట్ 290. కిలోకు, గ్రాముకు ఎంత పడుతుందో ప్యాకెట్ మీద చిన్న అక్షరాలతో ముద్రిస్తున్నారు. ధర మార్చకుండా లోపలి బరువు తగ్గించే ఈ రోజుల్లో ఎంఆర్‌పీ కంటే ముందు చదవవలసింది ఆ అంకెనే. కూరగాయలకు, పండ్లకు దగ్గరలో హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం నడిపే దుకాణం) ఉంటే చాలు.

యాప్‌లో 186 రూపాయల సరుకులు బుట్టలో వేస్తే, రకరకాల రుసుములు కలిసి చివరి తెరలో 231 అయ్యాయి. ధరను ఇలా విడతలు విడతలుగా బయటపెట్టడాన్ని 2023 నవంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపు పద్ధతులలో చేర్చాయి. అర్ధరాత్రి పసిబిడ్డకు పాలపొడి అవసరమైతే యాప్ నిజంగా ఆదుకుంటుంది. నెల సరుకులకు మాత్రం నేను దాన్ని వాడను.

అయినా యాప్‌లో ఒక మేలుంది: అడగకుండానే బిల్లు వస్తుంది. నా దృష్టిలో అసలు తేల్చవలసిన విషయం ఇదే. ఒకసారి అంగడిలో కొన్న గోధుమపిండిలో పురుగులు కనిపించాయి. వెనక్కి తీసుకెళ్తే అది తమ సరుకు కాదన్నారు. ఫోన్‌లో డబ్బు చెల్లించిన గుర్తు ఉంది గాని, ఏ వస్తువుకు చెల్లించానో అందులో లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు విలువైన కొనుగోళ్లకు ఫీజు కూడా లేదు. కానీ ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది బిల్లే.

అందుకే బియ్యం, పప్పులు, నూనె ఇప్పటికీ అంగడిలోనే కొంటున్నాను, అయితే బిల్లు రాసి ఇచ్చే అంగడికి మారాను. మొదటి నెల ఆ అంగడాయన కాస్త విసుక్కున్నారు. ఇప్పుడు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే కార్బన్ కాగితం సర్దుకుంటున్నారు.