ఒంటరిగా పర్యటించే జానపద గాయకుడికి షూర్ ఎస్ఎం58 మైకు: ఒక సమీక్ష

బృందం లేకుండా ఒక గొంతునూ ఒక వాద్యాన్నీ నమ్ముకుని ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పాడే జానపద కళాకారుడికి ఏ వేదికా సొంతం కాదు. ఒకనాడు ఆరుబయట, మరునాడు మాట మాటకూ మారుమోగే పెద్ద హాలులో, ఆ తరువాత కొద్దిమంది కూర్చునే గదిలో పాడవలసి వస్తుంది. ప్రతిచోటా కొత్త స్పీకర్లే, కొత్త సౌండు మనిషే; సర్దుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఇన్ని మార్పుల మధ్య మారని వస్తువు ఒక్కటైనా నా సంచిలో ఉండాలని ఈ మైకును వెంట ఉంచుకుంటున్నాను కనుక, దీన్ని పర్యటన అవసరాలను బట్టే అంచనా కడుతున్నాను.

1966లో మార్కెట్లోకి వచ్చిన ఈ డైనమిక్ మైకు బరువు సుమారు 300 గ్రాములు. దీనికి బ్యాటరీ గానీ సౌండు మిక్సర్ నుంచి ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు అందే కరెంటు) గానీ అక్కర్లేదు కాబట్టి, వేదిక దగ్గర ఏ సదుపాయాలు ఉంటాయో తెలియకపోయినా ధైర్యంగా బయలుదేరవచ్చు. పైనున్న ఉక్కు జాలీ సొట్టపోతే విప్పి కొత్తది బిగించుకోవచ్చు. లోపలి స్పాంజిని కడిగి, పూర్తిగా ఆరాక తిరిగి అమర్చుకోవచ్చు. గొంతే జీవనాధారమైనవారికి సొంత మైకు వల్ల కలిగే శుభ్రత గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నేను దీన్ని ఇష్టపడటానికి అసలు కారణం దూరాన్ని బట్టి ఇది పలికే తీరు. పెదవులకు దగ్గరయ్యే కొద్దీ మంద్రస్వరం నిండుగా వినిపిస్తుంది, దూరం జరిగితే పలచబడుతుంది. కథాగానంలో వచనం చెప్పేటప్పుడు మైకు మీదికి వంగి, పల్లవి ఎత్తుకునేటప్పుడు జానెడు వెనక్కి తగ్గితే, సౌండు మనిషి చెయ్యి కదపకుండానే ఒక్కడి గొంతులో ఇద్దరు పలికినట్టుంటుంది. వంత పాడేవారు లేనివాడికి ఇంతకంటే పెద్ద సాయం ఏముంటుంది? దీని స్పందన, అంటే ఇది గ్రహించే స్వరాల పరిధి, 50 నుంచి 15,000 హెర్ట్జ్ వరకు ఉంటుంది, అందులో హల్లులు స్పష్టంగా వినిపించే పై భాగం కొంచెం ఎత్తుగా, అంటే కాస్త గట్టిగా, ఉంటుంది. జానపదంలో మాటే ప్రాణం కనుక, వయసు మీదపడి గొంతులో బలం తగ్గినవారికి ఆ ఎత్తు ఎంతో ఆసరా. అయితే మరీ మెల్లగా పాడేవారికి గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని మిక్సర్‌లో పెంచే అమరిక) బాగా పెంచవలసి వస్తుంది, నాసిరకం మిక్సర్లలో అప్పుడు బుస్సుమనే రొద కూడా వినిపిస్తుంది.

ఇది కార్డియాయిడ్ మైకు, అంటే ఎదుటి శబ్దాన్ని బాగా గ్రహించి, సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. గాయకుడు తన గొంతు తాను వినడానికి పెట్టుకునే మానిటర్ స్పీకరును మైకుకు నేరుగా వెనకవైపు పెట్టించుకుంటే, స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి పుట్టే ఫీడ్‌బ్యాక్ కూత బాగా తగ్గుతుంది. జాలీని అరచేత్తో కప్పి పట్టుకుంటే మాత్రం ఈ గుణం దెబ్బతిని, కూత మళ్లీ మొదలవుతుంది.

వాద్యం విషయంలో ఇంతగా మెచ్చుకోలేను. గొంతునూ తీగ వాద్యాన్నీ కలిపి ఈ ఒక్క మైకుతో అందించాలని చూస్తే తీగ మీది సన్నని మెరుపు వినిపించదు. వాద్యానికి వేరే మైకో, దానికే బిగించి తీగల శబ్దాన్ని పట్టే పికప్పో పెట్టుకోవడం మంచిది. నిశ్శబ్దమైన చిన్న గదిలో ఒకే మైకుతో సరిపెట్టుకోవాలంటే సన్నని శబ్దాలను కూడా బాగా పట్టే కండెన్సర్ రకమే మేలు. స్విచ్ ఉన్న రకం ఎస్ఎం58ఎస్ పేరుతో దొరుకుతుంది కానీ, పాట మధ్యలో పొరపాటున చెయ్యి తగిలి మైకు ఆగిపోతే ఒంటరిగా పాడేవాణ్ని ఆదుకునేవారు ఉండరు కాబట్టి, స్విచ్ లేనిదే తీసుకోమంటాను.

ఈ మైకుకు నకిలీలు ఎక్కువ, కనుక అధీకృత విక్రేతల దగ్గరే కొనాలి. ఎల్‌సీ అని గుర్తున్న రకంతో కేబుల్ రాదు. మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుళ్లు రెండు విడిగా కొని, ఒకటి వాడుతూ రెండోదాన్ని సంచిలోనే ఉంచుకోవాలి.