విస్కాన్సిన్ నదిలో మూడు రోజులు, గీతలకు 140 డాలర్లు

ముందు డబ్బుల సంగతి చెప్పేసి తర్వాత నది దగ్గరికి వస్తాను, లేకపోతే రాస్తున్నంతసేపూ అదే బుర్రలో తిరుగుతుంది. నాలుగు కయాక్‌లు, అంటే మనిషికొకటి చొప్పున చిన్న తెడ్డు పడవలు, మూడు రోజులకు అద్దెకు తీసుకున్నాం. ఒక్కోటి రోజుకు 45 డాలర్లు, అంటే 540. మమ్మల్ని పడవలతో సహా పై రేవులో దించి, మూడో రోజు కింది రేవు నుంచి వెనక్కి తీసుకురావడానికి 80. తడవని సంచులు, అవే డ్రై బ్యాగులు, ఆరింటికి 30. మొత్తం 650, పన్ను కాక. ఇంతవరకు నాకేం బాధ లేదు. ఇంటికొచ్చిన రెండో రోజు కార్డు మీద ఇంకో 140 పడింది. ఫోన్ చేసి అడిగితే పడవల అడుగున గీతలు పడ్డాయట, పడవకు 35 చొప్పున వేశారట. నీళ్ళు తగ్గిన నదిలో, అడుగంతా ఇసుకే ఉన్న నదిలో, మూడు రోజులు తిరిగిన ప్లాస్టిక్ పడవకు గీతలు పడకపోతే ఏం పడతాయండీ, పసుపు బొట్టూనా? పైగా అవి మా చేతికి ఇచ్చినప్పుడే గీతలతో ఉన్నాయి. ఆ రోజు అడుగు భాగం ఫొటో తీయాలన్న ఆలోచన మాకు రాలేదు, అదీ మా తప్పు. మీరు మాత్రం తీయండి. పడవ బోర్లించి, వాళ్ళ మనిషి పక్కన ఉండగానే తీయండి.

ఇక అసలు కథ. మేం నలుగురం, నేనూ, మా ఆయనా, మా తమ్ముడూ, మరదలూ. చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. చెరువుల్లో గంట గంటన్నర కయాక్ తిప్పడం తప్ప, పడవలో సామాను వేసుకుని రాత్రిళ్ళు బయట పడుకున్న అనుభవం ఎవరికీ లేదు. నది మాత్రం నాకు కొత్త కాదు. గోదావరి లంకల పక్కన పెరిగినదాన్ని, ఎండాకాలం పాయ దాటి లంకలోకి వెళ్ళి పుచ్చకాయలు తిన్నదాన్ని. మా ఆయనది అనంతపురం. ఆగస్టు చివర్లో నీళ్ళు బాగా తగ్గాయని చెప్పగానే, "ఇసుక చూసేకి అంత దూరం పోవల్లనా? మా పెన్నలో చూసిందే కదా" అన్నాడు. తమ్ముడేమో, "బావా, ఆ ఇసుక మీదే పడుకుంటాం, అదే ఈ ట్రిప్పు" అని రెండు వారాలు నచ్చజెప్పాడు.

తమ్ముడు చెప్పింది నిజమే. ప్రెయిరీ డు సాక్ దగ్గర ఆఖరి డ్యాం ఉంది. అక్కడి నుంచి మిసిసిపీలో కలిసేదాకా 92 మైళ్ళు విస్కాన్సిన్ నదికి ఇంకో అడ్డుకట్ట లేదు. ఇసుక నది కాబట్టి నీళ్ళు తగ్గే కొద్దీ తిన్నెలు బయటపడతాయి. వాటి మీద డేరా వేసుకోవడానికి పర్మిట్ లేదు, ఫీజు లేదు, మూడు రోజులకు మించి ఉండకూడదు, అంతే. నిండుగా పారే రోజుల్లో వెళితే పడవ హాయిగా సాగుతుంది కానీ పడుకోవడానికి చోటు వెతుక్కోవాలి. తగ్గినప్పుడు వెళితే చోటుకు లోటుండదు, పడవే ఆగుతూ ఉంటుంది. ఈ రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకోండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా ఓటు తక్కువ నీళ్ళకే. భయపడాల్సినంత నీరు చాలాచోట్ల ఉండదు (లోతు ఎక్కడ దాక్కుంటుందో కింద చెబుతాను), నడుము నొప్పి మాత్రం ఖాయం.

నీటిమట్టం చూడడం కష్టమేం కాదు. మస్కొడా దగ్గర ప్రభుత్వ గేజ్ ఉంది, అంకెలు ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. అది సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందన్న లెక్క, అంటే మన క్యూసెక్కులే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక అని రేడియోలో వింటూ పెరిగిన నాకు, మేం వెళ్ళిన వారం అక్కడ కనిపించిన 3,600 చూసి నవ్వొచ్చింది. మా ఊరి పంట కాలువ గుర్తొచ్చింది. కానీ నది వెడల్పు తక్కువేం కాదు, ఆ కాసిని నీళ్ళూ అంత మేర పరుచుకుంటే మోకాలు కూడా తడవని చోట్లు ఎన్నో. ఒక్కరోజు అంకె చూసి బయల్దేరకండి, వారం రోజుల గ్రాఫులో గీత పైకి పోతోందో కిందికి వస్తోందో చూడండి.

అద్దె పడవలాయన ఫోన్‌లో ఇచ్చిన ప్లాన్ ఏమిటంటే, సాక్ సిటీలో దిగి మస్కొడాలో తేలడం, నలభై మైళ్ళ పైమాటే. "నీళ్ళు తక్కువ కదా, కొత్తవాళ్ళం, మూడు రోజుల్లో అవుతుందా?" అని నేను రెండుసార్లు అడిగాను. "ఈజీ" అన్నాడు రెండుసార్లూ. మంగళవారం రాత్రి మోటెల్‌లో దిగాం, రెండు గదులు 236 డాలర్లు, దాని గురించి చెప్పుకోవడానికి మంచీ లేదు చెడూ లేదు. పొద్దున్న ఐసు కొనడానికి ఎరలు అమ్మే దుకాణానికి వెళ్ళాం. 3 డాలర్ల 50 సెంట్ల ఐసు సంచీ కొన్నందుకు అక్కడి పెద్దావిడ పావుగంట పాఠం చెప్పింది, అదీ ఉచితంగా. ఈ నీటిలో కొత్తవాళ్ళు రోజుకు ఏడెనిమిది మైళ్ళు వెళితే గొప్ప, స్ప్రింగ్ గ్రీన్‌లో దిగండి, సగం దూరం తగ్గుతుంది అంది. మధ్యాహ్నం పూట పడమటి గాలి ఎదురు కొడుతుంది, నది కూడా పడమటికే పోతుంది, కాబట్టి తెల్లారగానే కదిలి ఒంటిగంటకల్లా తిన్నె ఎక్కమంది. అద్దె ఆయనకు ఫోన్ చేసి రేవు మార్చమంటే మార్చాడు. దూరం సగమైంది కదా, రవాణా డబ్బు తగ్గిస్తారా అంటే మాత్రం లైన్ సరిగ్గా లేదన్నాడు.

స్ప్రింగ్ గ్రీన్ కింద 23వ నంబరు రోడ్డు వంతెన దగ్గర దిగాం. పేరున్న అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టుకున్న ఇల్లు టాలియెసిన్ అవతలి ఒడ్డు కొండ మీదే. మరదలికి అది చూడాలని ఉంది, కానీ పడవలు సర్దేసరికే పదకొండయింది. ఎందుకంటే నీళ్ళు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున మూడు రోజులకు పన్నెండు గ్యాలన్లు తెచ్చాం. పొలాల మధ్య నుంచి వచ్చే నది నీళ్ళు తాగాలనిపించలేదు మరి. పన్నెండు గ్యాలన్లంటే 45 కిలోలు. బరువు పెరిగే కొద్దీ పడవ కిందికి దిగుతుంది, దిగే కొద్దీ ఇసుకకు తగులుతుంది. ఇంట్లో కూర్చుని జాబితా రాసేటప్పుడు ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. మా ఆయన తెచ్చిన మడత కుర్చీలు, ఇనప పెనం, రెండో దుప్పటి కారులోనే ఉండిపోయాయి. కుర్చీల గురించి ఆయన ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఈ నదిలోకి గాజు సామాను తీసుకెళ్ళకూడదు. సీసా పగిలితే ఆ ఇసుకలో ఎవరో ఒకరి కాలు తెగుతుంది కాబట్టి చాలా మంచి రూలు. కానీ మా అమ్మ పంపిన ఆవకాయ గాజు సీసాలో ఉంది. రేవులో గొడుగులా నిలబడ్డ చెట్టు కింద కూర్చుని, ఆ మోటెల్‌లో కాఫీకి ఇచ్చిన చెక్క పుల్లతో, ఒక్కో ముక్కా తీసి శాండ్‌విచ్ డబ్బాలోకి మార్చాను. మోచేతిదాకా నూనె. పక్కన పడవ దించుకుంటున్న ఒకాయన కాసేపు చూసి, అది చేపల ఎరా అని అడిగాడు.

మొదటి రోజు పడవ దిగి లాగడం పదకొండు సార్లు. రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు. నది దాదాపు అంతే ఉంది, మాకే చూపు వచ్చింది. సన్నగా గజగజలాడుతూ మెరిసే నీరు కనిపిస్తే అక్కడ లోతు లేనట్టే. నున్నగా, కాస్త నల్లగా, తొందర లేకుండా పోతున్నట్టు కనిపించే పట్టీ ఉంటుంది, అదే దారి. వంపు తిరిగే చోట బయటి ఒడ్డు, కోసుకుపోయి చెట్లు వంగి ఉన్న వైపు, లోతుగా ఉంటుంది. దగ్గర దారి కదా అని వంపు లోపలి నుంచి కోసుకెళ్ళామా, ఇసుక మీద కూర్చున్నట్టే. పక్క పాయలు చూడ్డానికి చల్లగా, నీడగా, రమ్మంటున్నట్టు ఉంటాయి. వద్దు. మా తమ్ముడు ఒక పాయలోకి వెళ్ళి నలభై నిమిషాల తర్వాత పడవను తాడుతో లాక్కుంటూ వచ్చిన దారినే నడిచొచ్చాడు. ఆ పూటంతా మరదలు అతనితో మాట్లాడలేదు, ఎందుకంటే టిఫిన్ డబ్బా అతని పడవలో ఉంది.

లాగడానికి దిగేటప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోండి. మామూలు చెప్పుల్ని ఇసుక పీకేస్తుంది. ఇంకొకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. తిన్నె పైఅంచున నీళ్ళు పాదం లోతు, పిల్లలు ఆడుకునేలా ఉంటాయి. అదే తిన్నె కిందివైపు అంచు, అంటే ప్రవాహం వెళ్ళే వైపు చివర, ఒక్కసారిగా తెగిపోతుంది. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగేంత. అంచు ఇసుక కాలి కింద జారుతుంది కూడా. ఇక్కడ మనుషులు పోయేది ఇలాగే. మా ఊళ్ళో లంక చివరికి వెళ్ళొద్దని మా నాయనమ్మ అరిచేది, అదే సంగతి. అందుకే తిన్నె మీద నడుస్తున్నా లైఫ్ జాకెట్ విప్పలేదు. మా ఆయన విప్పాడు. నేను అరిచాను. వేసుకున్నాడు.

రెండో రాత్రి తిన్నె గురించి ఎంత రాసినా తక్కువే. రెండు క్రికెట్ గ్రౌండ్లంత ఇసుక, మధ్యలో కొట్టుకొచ్చిన ఒక పెద్ద మాను, అంతే. గాలి ఆడుతోంది కాబట్టి దోమలు దాదాపు లేవు. పొద్దుగూకేటప్పుడు శాండ్‌హిల్ క్రేన్లు, మన సారస కొంగల్లాంటివి, తలుపు కిర్రుమన్నట్టు అరుచుకుంటూ వెళ్ళాయి. ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర మొదటి రోజే అయిపోయింది, రెండో రాత్రి వేడన్నం, ఆవకాయ, గడ్డకట్టించి తెచ్చి అప్పటికి కరిగిన పెరుగు. మా ఆయన ఇసుక మీద వెల్లకిలా పడుకుని, "పెన్నలో నీళ్ళుంటే ఇట్లే ఉండేదేమో" అన్నాడు. ఎవరూ ఏం మాట్లాడలేదు కాసేపు.

పడుకునే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చాను. వరదలప్పుడు మా నాయనమ్మ అరుగు పక్కన చేసే పని అది. తమ్ముడు నవ్వాడు, "అక్కా, 3,600 క్యూసెక్కులకు వరదేంటే?" అని. రాత్రి రెండింటికి లేచి టార్చి వేసి చూస్తే పుల్ల నీళ్ళలో ఉంది, బెత్తెడు మునిగి. ఎగువన వాన పడిందో, డ్యాం నుంచి కాస్త ఎక్కువ వదిలారో. డేరా దగ్గరికి రావడానికి చాలా దూరముంది కానీ, తమ్ముడు అంచుమీదే వదిలేసిన పడవ తోక అప్పటికే తేలుతోంది. అందరినీ లేపి నాలుగు పడవల్నీ మాను దాకా లాగి కట్టేశాం. తక్కువ నీళ్ళంటే కదలని నీళ్ళని కాదు. ఇసుక మీద కూడా ఎత్తు చూసి డేరా వేయండి, పడవ ఎప్పుడూ కట్టేయండి.

ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడే విషయం కూడా రాస్తాను. తిన్నె మీద చాటు ఉండదు, ఏదీ అక్కడ వదిలి రాకూడదు. బిగించి వెనక్కి తెచ్చుకునే టాయిలెట్ సంచులు దొరుకుతాయి, పన్నెండు 34 డాలర్లకు కొన్నాం. చాటుకు చిన్న డేరా ఒకటి, 29. ఈ మొత్తం ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చుల్లో అత్యుత్తమం ఆ 29 డాలర్లు. మరదలు ముందు నవ్వింది, తర్వాత "వదినా, ఇది లేకపోతే నేను మొదటి రోజే వెనక్కి వెళ్ళిపోయేదాన్ని" అంది.

శుక్రవారం పన్నెండున్నరకు మస్కొడా రేవుకు చేరాం. మాట ప్రకారం ఒంటిగంటకు బండి రావాలి. వచ్చింది రెండు యాభైకి. నీడ లేదు, తాగే నీళ్ళు ఒక సీసా మిగిలాయి, ఫోన్ తీస్తే వాయిస్ మెయిల్. వచ్చిన కుర్రాడు మాత్రం పాపం మంచివాడు, పొద్దున్నించీ ఒక్కడే తిరుగుతున్నాడట, క్షమించమన్నాడు. పడవలు ఎక్కించేటప్పుడు వాటి అడుగు అతను కనీసం చూడలేదు. గీతలు ఎవరు, ఎప్పుడు, ఎలా చూశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

శుక్రవారం కావడం మా అదృష్టం. విస్కాన్సిన్ రాష్ట్రంలో శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినడం ఒక ఆనవాయితీ, చిన్న ఊళ్ళో బారు కూడా ఆ రోజు చేపలే వండుతుంది. ఇసుక బట్టలతోనే వెళ్ళాం, ఎవరూ వింతగా చూడలేదు. ప్లేటు 17 డాలర్లు. బీరు పిండిలో ముంచి వేయించిన చేప, ఆలూ అట్లు, క్యాబేజీ సలాడ్, రై రొట్టె. గోదావరి చేప తిన్న నోటితో చెబుతున్నా, ఉప్పూ కారం లేకపోయినా చేప తాజాగా, పైన కరకరలాడుతూ ఉంది. తమ్ముడు డబ్బాలో మిగిలిన ఆవకాయ బయటికి తీశాడు. వడ్డించే ఆవిడ ఒక ముక్క రుచి చూసి, నీళ్ళు తాగి, ఇంకో ముక్క అడిగింది.

మోటెల్, పడవలు, ఆ గీతల డబ్బు కలిపి 1,026 డాలర్లు, మనిషికి 256 పైన, తిండి వేరే. గీతల 140కి బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. పడవల మీద పాత గీతలు ఉన్నట్టు రుజువు అడిగారు. మొదటి రోజు రేవులో నేను ఆవకాయ మారుస్తుంటే మరదలు తీసిన ఫొటో ఒకటి దొరికింది, వెనకాల ఒక పడవ బోర్లా ఉంది. దాన్ని పెద్దది చేసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.