తెల్లపావులు మీవి, రేటింగ్ వాళ్లది: మార్చుకోవడం మేలా, ముందుకు తోయడం మేలా?

చెస్‌లో స్విస్ టోర్నమెంట్ (ఎవరూ మధ్యలో బయటికి పోకుండా అందరూ అన్ని రౌండ్లూ ఆడేది) మొదటి రౌండ్‌లో రేటింగ్ (ఆటగాళ్ల బలాన్ని చెప్పే అంకె) జాబితా పై సగానికి కింది సగంతో జత కడతారు. కాబట్టి 1500 రేటింగ్ వాళ్లకి 1900 వాళ్లు తగలడం మామూలే. 400 తేడాకి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) పట్టికలో చిన్న రేటింగ్ వాళ్ల అంచనా స్కోరు 0.08. కె విలువ (రేటింగ్ ఎంత మారాలో తేల్చే గుణకం) 20 అయితే డ్రాకి 8.4 పాయింట్లు వస్తాయి, ఓడితే 1.6 పోతాయి. ఆ డ్రా ఆశతోనే చాలామంది పావులన్నీ మార్చేద్దామనుకుంటారు.

ఎదుటివాళ్లు నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఆరంభం ఆడారనుకుందాం (అక్షరం, అంకె కలిసి గడి పేరు; × అంటే తినడం): 1. ఇ4 ఇ6 2. డి4 డి5.

ఇక్కడ మీకు రెండు దారులు. మొదటిది ఎక్స్ఛేంజ్, అంటే బంట్లు మార్చుకోవడం: 3. ఇ×డి5 ఇ×డి5. బంట్లు రెండు పక్కలా ఒకేలా ఉంటాయి, ఇ ఫైల్ (నిలువు వరుస) ఒక్కటే తెరుచుకుంటుంది, రూకులు అక్కడే మారిపోతాయని ఆశ. కానీ బలమైన ఆటగాళ్లు నైట్‌ని ఎఫ్6కి బదులు ఇ7కి తెచ్చి, క్వీన్ వైపు క్యాసిల్ చేసి (రాజు, రూకు ఒకే ఎత్తులో జరిగి) పోరు రాజేస్తారు. పావులు మారినా వాళ్లకి దిగులుండదు, రెండు స్థాయుల తేడా బాగా బయటపడేది ఎండ్‌గేమ్‌లోనే (పావులు తగ్గాక వచ్చే చివరి దశ). 1990 మనీలా ఇంటర్‌జోనల్ (ప్రపంచ చాంపియన్‌షిప్ అర్హత టోర్నమెంట్) చివరి రౌండ్‌లో డ్రా చాలిన గ్రాండ్‌మాస్టర్ మిఖాయిల్ గురెవిచ్ అంతటివాడే తెల్లపావులతో ఇది ఆడి నైజెల్ షార్ట్ చేతిలో ఓడిపోయాడు.

రెండోది అడ్వాన్స్, అంటే బంటుని ముందుకు తోయడం: 3. ఇ5. చోటు మీది, చేయాల్సిన పనీ స్పష్టం: డి4 బంటుని నిలబెట్టాలి. 3... సి5 4. సి3 నైట్ సి6 5. నైట్ ఎఫ్3 క్వీన్ బి6. ఇక్కడ చేసే తప్పు 6. బిషప్ డి3. డి1 క్వీన్ నుంచి డి4కి ఉన్న కాపు తెగిపోతుంది. అందులో ఒక ఉచ్చు ఉన్నమాట నిజమే: సి ఫైల్ బంట్లు డి4లో మారాక నల్ల నైట్ తొందరపడి ఆ బంటుని తిని, నైట్లు కూడా మారి, నల్ల క్వీన్ డి4కి వస్తే, బిషప్ బి5 చెక్‌తో ఆ క్వీన్ పోతుంది. 1900 వాళ్లకి ఇది కంఠతా వచ్చు; ముందు బిషప్ డి7 ఆడతారు, అప్పుడు డి4 బంటు నిజంగానే ప్రమాదంలో పడుతుంది. ఆ బంటుని వదులుకుని దాడి చేయడం వచ్చినవాళ్లకే అది. మిగతావాళ్లు 6. ఏ3 ఆడి, బి4కి సిద్ధం కావాలి.

నా ఓటు అడ్వాన్స్‌కే. డ్రా అడగాలంటే స్థితి సమంగానో మీకు మెరుగ్గానో ఉన్నప్పుడే అడగండి: ఎత్తు వేసి, గడియారం నొక్కకముందే అడిగి, స్కోర్‌షీట్‌లో (=) గుర్తు పెట్టాలి.