యూజర్‌ని ఒకే సర్వర్ దగ్గర ఉంచాలంటే హెచ్‌ఏప్రాక్సీ కుకీయే నా ఓటు

లాగిన్ అయ్యి, కార్ట్‌లో వస్తువులు వేసుకుని, తర్వాతి పేజీకి వెళ్లగానే మళ్లీ లాగిన్ అడిగితే యూజర్ తిట్టుకునేది సైట్‌నే. వెనకాల రిక్వెస్ట్‌లని చాలా సర్వర్లకి పంచే లోడ్ బ్యాలన్సర్ ఒకటుందని వాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సెషన్, అంటే ఆ యూజర్ లాగిన్, కార్ట్ వివరాలు, ఒక సర్వర్ మెమరీలో ఉండిపోయింది, తర్వాతి రిక్వెస్ట్ పక్క సర్వర్‌కి పోయింది, దానికి ఈ మనిషెవరో తెలీదు. యాప్ కోడ్ ముట్టుకోకుండా దీన్ని ఆపాలంటే నేను ముందుగా చెప్పేది హెచ్‌ఏప్రాక్సీ పేరే. విల్లీ టారో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ లోడ్ బ్యాలన్సర్ సాఫ్ట్‌వేర్, 20 ఏళ్లు దాటింది, డబ్బులేం కట్టక్కర్లేదు.

దీంట్లో నాకు బాగా నచ్చింది కుకీ పద్ధతి, కుకీ అంటే బ్రౌజర్ దాచుకుని ప్రతి రిక్వెస్ట్‌తో తిరిగి పంపే చిన్న సమాచారం. కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్ల జాబితా రాసే బ్యాకెండ్ సెక్షన్‌లో "కుకీ సర్వర్‌ఐడీ ఇన్సర్ట్ ఇన్‌డైరెక్ట్ నోక్యాష్" అని ఒక్క లైను, ప్రతి సర్వర్ లైను చివర దానికో గుర్తు, అంతే పని. మొదటి రిక్వెస్ట్ మామూలుగా ఏదో ఒక సర్వర్‌కి వెళ్తుంది, జవాబు తిరిగొచ్చేటప్పుడు హెచ్‌ఏప్రాక్సీ తన కుకీ ఒకటి అంటించి పంపుతుంది, ఆ తర్వాత బ్రౌజర్ ఆ కుకీ చూపించిన ప్రతిసారీ అదే సర్వర్. ఎవరు ఎక్కడున్నారో బ్యాలన్సర్ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే లేదు, ఆ సమాచారం యూజర్ దగ్గరే ఉంది కాబట్టి బ్యాలన్సర్‌ని రీస్టార్ట్ చేసినా ఎవరి దారీ తప్పదు. ఇన్‌డైరెక్ట్ పెడితే ఆ కుకీ మన యాప్ దాకా రాదు. నోక్యాష్ మాత్రం దయచేసి తీసేయకండి, ఎందుకంటే మధ్యలో జవాబుల కాపీలు దాచే ఏ క్యాషో ఆ జవాబుని కుకీతో సహా దాచుకుని అందరికీ పంచిందంటే, వచ్చిన వాళ్లంతా ఒకే సర్వర్ మీద పడతారు.

చాలామంది ఐపీ అడ్రస్ బట్టి పంపితే సరిపోతుంది కదా అంటారు. నేను ఒప్పుకోను. ఒక ఆఫీసు మొత్తం, లేదా ఒక మొబైల్ నెట్‌వర్క్‌లో బోలెడంత మంది, బయటికి ఒకే ఐపీతో కనిపిస్తారు, వాళ్లందరూ ఒకే సర్వర్‌కి పోతారు. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారిన వాడికి ఐపీ మారిపోయి సెషన్ పోతుంది. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఐపీని బట్టి పంపే ఐపీ హ్యాష్ అయితే ఐపీవీ4 అడ్రస్‌లో మొదటి మూడు భాగాలే చూస్తుంది, అంటే ఆ 256 అడ్రస్‌లకీ ఒకటే సర్వర్. హెచ్‌ఏప్రాక్సీలో కూడా ఐపీని బట్టి పంపే సోర్స్ పద్ధతి ఉంది, కానీ మామూలు సెట్టింగ్‌లో ఒక్క సర్వర్ కలిపినా, తీసినా చాలామంది చోటు మారిపోతారు, కన్సిస్టెంట్ హ్యాష్ పెడితే ఆ కదలిక తగ్గుతుంది. టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్‌ని బ్యాలన్సర్ దగ్గర విప్పకుండా, లోపలేముందో చూడని టీసీపీ మోడ్‌లో నేరుగా సర్వర్‌కే పంపేవాళ్లకి కుకీ కనపడదు కాబట్టి వాళ్లకి ఐపీనో, స్టిక్ టేబులో తప్పదు. స్టిక్ టేబుల్ అంటే ఎవరు ఏ సర్వర్‌కి వెళ్లాలో రాసుకునే పట్టిక, అది బ్యాలన్సర్ మెమరీలో ఉంటుంది, రెండు బ్యాలన్సర్లు ఉంటే అవి దాన్ని పంచుకోవడానికి పీర్స్ సెక్షన్ కూడా రాసుకోవాలి.

అసలు మెచ్చుకోవాల్సింది డ్రెయిన్. కొత్త వెర్షన్ పెట్టడానికి ఒక సర్వర్‌ని ఆపాలనుకోండి, మెయింటెనెన్స్‌లో పెడితే దాని మీదున్న వాళ్లంతా అప్పటికప్పుడు వేరే చోటికి వెళ్లిపోతారు, లాగిన్లు పోతాయి. డ్రెయిన్‌లో పెడితే కొత్తవాళ్లు రారు, కుకీ ఉన్న పాతవాళ్లు మాత్రం తమ పని చేసుకుంటూనే ఉంటారు, స్టాట్స్ పేజీలో వాళ్ల సంఖ్య మెల్లగా తగ్గుతుంటే చూసి, ఖాళీ అయ్యాక ఆపుకోవచ్చు. పట్టపగలు డిప్లాయ్ చేసేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది, టెన్షన్ సగం పోతుంది.

ఇక ఇబ్బందుల సంగతి. సర్వర్ నిజంగా చచ్చిపోతే కుకీ ఏం కాపాడలేదు. సర్వర్ బతికుందో లేదో చూసే హెల్త్ చెక్ అది పడిపోయిందని తేల్చాక హెచ్‌ఏప్రాక్సీ యూజర్‌ని వేరే సర్వర్‌కి పంపుతుంది, తేలేలోపు కనెక్షన్ కుదరని వాళ్లకి కూడా దారి చూపాలంటే ఆప్షన్ రీడిస్పాచ్ రాయాలి, అయినా ఆ సర్వర్ మెమరీలో ఉన్న సెషన్ పోయినట్టే. డబ్బు కట్టే పేజీల్లాంటివి ఉన్న యాప్ అయితే సెషన్లని అన్ని సర్వర్లూ చూడగలిగేలా రెడిస్ అనే డేటా స్టోర్‌లోనో డేటాబేస్‌లోనో పెట్టి తీరాలి. పాత యాప్, మార్చే వీలు లేదు అంటారా, అప్పుడే ఈ కుకీ మీద ఆధారపడండి. సాకెట్‌ఐఓ లైబ్రరీలో సర్వర్‌ని పదేపదే రిక్వెస్ట్‌లతో అడిగే లాంగ్ పోలింగ్ లాంటి వాటికి సెషన్ ఎక్కడ దాచినా యూజర్‌ని ఒకే సర్వర్‌కి అంటిపెట్టే ఈ స్టికీ పద్ధతి ఎలాగూ కావాల్సిందే.

ఇంకోటి, లోడ్ సమానంగా ఉండదు. రద్దీ పెరిగిందని కొత్త సర్వర్ తెచ్చి పెడితే దాని దగ్గరికి కొత్తవాళ్లే వెళ్తారు, పాత సర్వర్లు ఎప్పటిలాగే రొప్పుతుంటాయి. తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌ని ఎంచే లీస్ట్‌కాన్ పెట్టినా అది కుకీ లేని వాళ్లకే వర్తిస్తుంది. కుకీకి బ్రౌజర్ మూసేదాకా ఆయుష్షు, కానీ వారాల తరబడి బ్రౌజర్ మూయని వాళ్లు బోలెడు మంది. దీనికి మాక్స్‌ఐడిల్, మాక్స్‌లైఫ్ అని రెండు ఉన్నాయి, మొదటిది కొంతసేపు కదలకుండా ఉన్న వాళ్ల కుకీని లెక్కలోకి తీసుకోదు, రెండోది ఎంత చురుగ్గా వాడుతున్నా ఫలానా గడువు తర్వాత మళ్లీ సర్వర్ ఎంచుతుంది. ఇవి డాక్యుమెంటేషన్‌లో కుకీ ఆప్షన్ల చివర్లో ఎక్కడో ఉంటాయి, అంత పొడుగు పేజీలో అక్కడిదాకా చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది! మాక్స్‌ఐడిల్‌ని మీ యాప్ సెషన్ టైమవుట్ కన్నా కాస్త ఎక్కువ పెట్టండి, తక్కువ పెడితే ఇంకా బతికున్న సెషన్‌ని మనమే తెంపినట్టవుతుంది.