పెంటాక్స్ కె1000: తిరుపతి ఎండల్లో చాలాకాలం వాడాక

ఫిల్మ్ ఫొటోగ్రఫీ నేర్చుకుంటానంటే చాలామంది మొదట చెప్పే పేరు పెంటాక్స్ కె1000. 1976లో వచ్చింది, 1997 దాకా తయారైంది. ఏళ్ల తరబడి వాడాక నేను చెప్పేది ఒకటే. నేర్చుకోవడానికి ఇది చాలు. కానీ ఆ పేరు మీద అదనంగా డబ్బు పెట్టొద్దు. ఆ మిగిలే డబ్బు సర్వీసుకూ రీళ్లకూ పనికొస్తుంది.

బాడీ అంతా యాంత్రికం. బ్యాటరీ అయిపోయినా షట్టర్ (రీలు ముందు తెరుచుకుని మూసుకునే తెరలు) 1 సెకను నుంచి 1/1000 దాకా అన్ని స్పీడుల్లోనూ పడుతుంది. ఒక్క ఎల్‌ఆర్44 బిళ్ల బ్యాటరీ కావాలి, అదీ వెలుగు కొలిచే లైట్ మీటరుకు మాత్రమే. మీటరుకు స్విచ్ లేదు, లెన్సుకు మూత పెట్టడమే ఆపడం. మూత తీసి బల్ల మీద వదిలేస్తే బ్యాటరీ ఊరికే తరుగుతుంది. వ్యూఫైండర్లో కుడిపక్కన ఒక సూది కనిపిస్తుంది, అది మధ్యకు వచ్చేదాకా షట్టర్ స్పీడో అపెర్చరో తిప్పుకోవాలి. అపెర్చర్ అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. సెల్ఫ్ టైమర్ లేదు. షట్టర్ లాక్ కూడా లేదు కాబట్టి రీలు జరిపే లీవర్ లాగిన కెమెరాను సంచిలో వేస్తే ఏదో ఒకటి బటన్‌కు తగిలి ఒక ఫ్రేము పోతుంది. తీసే ముందే లీవర్ లాగడం అలవాటు చేసుకోండి.

రీలు ఎంపిక దగ్గర మన ఊరి ఎండ లెక్కలోకి వస్తుంది. నెట్‌లో ఎక్కువమంది ఐఎస్‌ఓ 400 రీలు వేయమంటారు (ఈ అంకె పెరిగేకొద్దీ రీలుకు తక్కువ వెలుగు చాలు). మబ్బు పట్టిన ఊళ్లకు అది సరే. మేలో గంగమ్మ జాతరలో మిట్టమధ్యాహ్నం వేషాలు తీయాలంటే 400 రీలుకు 1/500 దగ్గర ఎఫ్ 16, 1/1000 దగ్గర ఎఫ్ 11 కావాలి. ఆపైన స్పీడు లేదు, అపెర్చర్ తెరవడానికి చోటు లేదు. అదే 200 రీలు అయితే 1/1000 దగ్గర ఎఫ్ 8 దాకా రావచ్చు. వేషగాణ్ణి చెట్టు నీడకు పిలిస్తే మూడు స్టాపులు కలిసొస్తాయి (ఒక్కో స్టాపు అంటే వెలుగు సగం కావడమో రెట్టింపు కావడమో). అప్పుడు ఎఫ్ 2.8కి తెరిచి వెనక జనాన్ని మసక చేయొచ్చు. అందుకే పగటికి 200, సాయంత్రాలకూ లోపలి ఫొటోలకూ 400.

సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్ 2 లెన్సుతో కలిపి పదివేల చుట్టుపక్కల అడుగుతున్నారు. సర్వీసు చేసిందని చెప్పి ఇంకా పైకి పోయేవాళ్లూ ఉన్నారు. సర్వీసులో ఏం చేశారో చెప్పలేకపోతే ఆ మాటకు విలువ లేదు, మీరే చూసుకోండి. వెనక తలుపు తెరిచి, లెన్సు తీసి, తెల్లటి ఆకాశం వైపు పట్టుకుని 1/1000లో షట్టర్ వేయండి. వెనక నుంచి చూస్తే ఫ్రేము మొత్తం ఒకేలా మెరవాలి. ఒక అంచు నల్లగా కనిపిస్తే తెరలు సమంగా నడవడం లేదని అర్థం. ఆ కెమెరాతో ఎండలో తీసిన ప్రతి ఫొటోకూ ఒక పక్క చీకటి పడుతుంది. లోపల గ్రీసు ఎండిపోవడమే మామూలుగా కారణం, మొదట దెబ్బతినేది పై స్పీడే. 1/1000 ఒక్కటే తేడాగా ఉండి మిగతావి బాగుంటే ధర తగ్గించుకుని కొని, 1/500 దాకానే వాడుకోవచ్చు. 1 సెకను, 1/2 స్పీడులను ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి కొలవండి. షట్టర్ తెర గుడ్డతో చేసింది కాబట్టి, చీకటి గదిలో లెన్సు తీసి, లోపలి అద్దాన్ని వేలితో మెల్లగా పైకెత్తి, ముందు నుంచి టార్చ్ వేసి, వెనక సూది మొనంత వెలుగు చుక్కలు ఉన్నాయేమో చూడండి.

లెన్సులో కూడా టార్చ్ వేయాలి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది బూజు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో తోలు కేసులో దాచిన లెన్సులన్నిటికీ పట్టేది అదే. కేసు పారేసి, గాలి దూరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. వ్యూఫైండర్లో కనిపించే నల్ల మచ్చలు మాత్రం ఫొటోలో రావు. బేరానికి వాడుకోండి, భయపడొద్దు.

అందరూ పట్టించుకోకుండా పోయేది స్పాంజి. వెనక తలుపు మూసుకునే సన్నటి గాడుల్లో, కీలు పక్కన, అద్దం పైకి వెళ్లి తగిలే చోట నల్లటి స్పాంజి పట్టీలుంటాయి. ఇన్నేళ్ల వేడికి అవి కరిగి తారులా అంటుకుపోతాయి, లేకపోతే పొడిగా రాలతాయి. ఫలితం కలర్ ఫొటోలో నారింజ, ఎరుపు చారలుగా తెలుస్తుంది. నెగటివ్‌లో అవి ముదురు చారలుగా ఫ్రేము దాటి అంచు రంధ్రాల దాకా పాకి ఉంటాయి, ఎక్కువగా ఒకే చోట. ఎండలో కెమెరా మెడలో వేలాడుతున్నంతసేపూ వెలుగు దూరుతూనే ఉంటుంది. దీనికి రిపేరు షాపు అక్కర్లేదు. అగరబత్తి పుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పాత జిగురంతా గాడుల్లోంచి తీసేయాలి. ఆ సమయంలో షట్టర్ తెర మీద ఒక కాగితం అడ్డం పెట్టండి. జిగురు ముక్క తెర మీద పడి అంటుకుంటే అది వేరే పెద్ద ఖర్చు. గాడి ఆరాక దాని మందానికి సరిపడే నల్లటి స్పాంజి పట్టీ, లేదా నల్ల ఊలు దారం అంటిస్తే చాలు. పట్టీ మరీ మందమైతే తలుపు మూతపడదు.

మీటరుకు రెండు గుణాలున్నాయి. ఒకటి, ఫ్రేమంతా కలిపి సగటు చూస్తుంది. గోవిందరాజస్వామి గుడి గాలిగోపురాన్ని ఆకాశంతో కలిపి కొలిస్తే ఆకాశం వెలుగు చూసి సూది మోసపోతుంది, గోపురం నల్లగా వస్తుంది. కెమెరా కిందకు వంచి, అదే ఎండలో ఉన్న గోడనో నేలనో కొలిచి, ఆ అంకెలు కదపకుండా పైకెత్తి తీయండి. రెండు, ఇందులోది కాడ్మియం సల్ఫైడ్ సెన్సార్. ఎండలోంచి చంద్రగిరి రాజమహల్ లోపలికి వెళ్లిన వెంటనే కొలిస్తే పాత వెలుగు ఇంకా వదలదు. కాసేపు ఆగాక సూది చూడాలి. కొన్న రోజే ఫోన్లో లైట్ మీటర్ యాప్‌తో ఒక ఖాళీ గోడ మీద సరిచూసుకోండి. కెమెరా ఎప్పుడూ ఒక స్టాపు తక్కువ వెలుగు ఇస్తోందని తేలితే, 200 రీలు వేసి ఐఎస్‌ఓ 100 దగ్గర పెట్టండి. షట్టర్ స్పీడు డయల్ బయటి వలయాన్ని పైకెత్తి తిప్పితే ఆ అంకె మారుతుంది. నెగటివ్ రీలు ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు.

కొత్తవాళ్లు రీలంతా పోగొట్టుకునేది దాదాపు ఎప్పుడూ ఎక్కించే దగ్గరే. రీలు కొసను, అది చుట్టుకునే స్పూలు చీలికలో దూర్చి, రెండు వైపుల రంధ్రాలూ పళ్లకు పట్టేదాకా లీవర్ లాగి, అప్పుడే తలుపు మూయాలి. తర్వాత ఎడమవైపు రివైండ్ పిడిని బాణం వైపు మెల్లగా తిప్పి బిగువు తేవాలి. ఇంకోసారి లీవర్ లాగినప్పుడు ఆ పిడి దానంతట అది వెనక్కి తిరగాలి. తిరగకపోతే రీలు పట్టుకోలేదు. కౌంటర్‌లో అంకెలు మాత్రం మామూలుగానే పెరుగుతాయి, దాన్ని నమ్మొద్దు. 36 దగ్గర లీవర్ బిగిస్తే బలవంతం చేయకుండా అడుగున బటన్ నొక్కి వెనక్కి చుట్టండి.

ఖర్చు సంగతి. కలర్ రీలు, డెవలపింగ్, స్కాన్ కలిపి ఒక్కోదానికి పదిహేను వందలు అనుకోండి. నేను కలర్ రీళ్లను చెన్నైకో బెంగళూరుకో కొరియర్ చేస్తాను. బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 రీలుకు డీ-76 అనే డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్లు కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. ఎండాకాలం మన కుళాయి నీళ్లు 30 దాటతాయి కాబట్టి, ఐసు వేసిన బకెట్లో సీసాలు నిలబెట్టి 24కు దించండి, అక్కడ సుమారు 8 నిమిషాలు. దించకుండా కడిగితే టైము మరీ తగ్గిపోయి మరకలు మరకలుగా వస్తుంది.

కె1000 దొరకకపోయినా, ధర ఎక్కువ చెప్పినా అదే కె మౌంట్ (లెన్సు బిగించే అమరిక) ఉన్న పెంటాక్స్ కెఎం చూడండి. దాదాపు ఇదే కెమెరా, పైగా సెల్ఫ్ టైమర్ ఉంటుంది. రికో కెఆర్-5 చవక, కానీ 1/500తో ఆగిపోతుంది, ఇక్కడ 100 లేదా 200 రీలుకే అది నప్పుతుంది. నికాన్ ఎఫ్‌ఎం10 1/2000 దాకా వెళ్తుంది, తేలిక. దాంతో వచ్చే 35-70 జూమ్ ఎఫ్ 3.5 కన్నా తెరుచుకోదు, సాయంత్రాలకు వేరే 50 ఎంఎం కొనాల్సిందే. కొడాక్ ఎం35 లాంటి ప్లాస్టిక్ కెమెరాకు ఎఫ్ 10, 1/120 తప్ప వేరే అపెర్చరూ స్పీడూ లేవు. ఎండలో బొమ్మ వస్తుంది, నేర్చుకునేదేం ఉండదు. ఈ పెంటాక్స్ బాడీల్లో ఏది కొన్నా అపెర్చర్ రింగు లేని కొత్త లెన్సులు మాత్రం వద్దు, వాటితో ఈ కెమెరాల్లో అపెర్చర్ మార్చుకోలేరు.

కొండకు తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. అలిపిరి దగ్గర సంచులన్నీ ఎక్స్‌రే యంత్రంలోంచి పోతాయి. 200, 400 రీళ్లకు ఒకటి రెండు సార్లు ఫరవాలేదు, ప్రభావం మాత్రం కూడుకుంటూ పోతుంది. ఒకే రీలును నెలల తరబడి కెమెరాలో ఉంచి పదేపదే కొండెక్కొద్దు. గుడి లోపలికి కెమెరా ఎలాగూ రానివ్వరు కాబట్టి దర్శనానికి పోయే రోజు ఇంట్లోనే వదిలేస్తే లాకర్ క్యూ కూడా తప్పుతుంది.